గొర్రెపిల్ల చెవి మీద గుర్తు

గిమ్లి, కెనడా
1893 మే 14

ఐస్‌లాండ్‌లో ఉన్న సోల్వేగ్ బామ్మకు,

ఈరోజు మా మొదటి గొర్రెపిల్లకు తాతయ్య వేసిన చెవిగుర్తు చూసి ఉలిక్కిపడ్డాను. ఇంటింటికీ గుర్తు వేరని, మన హోల్ట్ ఇంటివాళ్ల మందకు కుడిచెవి కొన కోస్తారని మీరే రాశారు. ఈయన తడుముకోకుండా ఎడమచెవి చీల్చాడు.

"తాతయ్యా, ఇది మన గుర్తు కాదుగా?"

"గొర్రెపిల్లే ఊరుకుంది, నీకెందుకే గోల!" అని నవ్వాడు. నానమ్మ నవ్వలేదు. కత్తి లాక్కుని దాచేసింది.

అక్కడినుంచి కెనడాకు ఓడెక్కిన మీ అన్నయ్య ఈయనేనా? ఆయన ఒంటిమీద ఏదైనా ఆనవాలు ఉందా? ఆనవాలు అనే మాట బడిలో ఈమధ్యే నేర్చుకున్నాను, ఇంత త్వరగా అవసరపడుతుందనుకోలేదు.

నాకు ఈయనంటే ప్రాణం, అందుకే భయం. మీ జవాబు వచ్చేసరికి మంచు పడుతుంది. రేపు పొద్దున్నే రెండో పిల్లకు మీ గుర్తు నేనే వేసి, ఆయన ముఖం చూస్తాను.

మీ మనవరాలు