బొమ్మలన్నీ సగానికి!

సోమవారం, ఉదయం 9.10
నేటితో నా బద్ధకానికి సెలవు! అక్క చెక్కబొమ్మల దుకాణం వెబ్‌సైట్ తెరుచుకోవడానికి నలభై రెండు సెకన్లు. గడియారం పెట్టి మరీ చూశాను. తప్పంతా బావది. ఒక్కో ఫొటో గోడంత పెద్దగా తీసి, అలాగే సర్వర్‌లో పడేశాడు. మొత్తం 214 బొమ్మలు. (ఇమేజీలు అనను. బొమ్మలే. తెలుగంటే నాకు ప్రాణం.)

ప్రతిజ్ఞ: ఆదివారంలోపు సర్వర్‌లో ఒక ప్రోగ్రాం పెడతాను. చూసేవాళ్ల తెర ఎంతుందో కనుక్కుని, బొమ్మను ఆ కొలతకు తగ్గించి పంపుతుంది. అసలుది భద్రంగా ఉంటుంది. అబ్బ, ఏం తెలివి!

పిల్లల బడి హెడ్మిస్ట్రెస్ పన్నెండు ఊగే గుర్రాలు కావాలంది. దుకాణంలోని మిగతా సరుకు ఆదివారం సైట్‌లో చూసి, ఏడాది పొడవునా మా దగ్గరే కొనాలో లేదో తేలుస్తుందట. ఆ బేరం కుదిరితేనే వడ్రంగి మేస్త్రిని పనిలో ఉంచుకోగలనంది అక్క. నాన్న రోజుల నుంచీ ఉన్న మనిషి.

9.40
వర్క్‌షాప్‌లో చేయాల్సిన పనులు రాసే పలక ఉంది. "ఊగే గుర్రాలు 12" అని అక్క రాసిన దాని కింద నేనూ రాశాను: "బొమ్మలన్నీ సగానికి తగ్గించాలి. ఆదివారంలోపు." నలుగురి కంటా పడితే సిగ్గుకైనా చేస్తాను కదా!

మంగళవారం, 11.00
ప్రోగ్రాం దించుకున్నాను. కాఫీ. బావతో గంటన్నర గొడవ.
"తగ్గిస్తే గుర్రం కంట్లో మెరుపు పోతుంది, బావమరిదీ!"
మళ్లీ కాఫీ. తగ్గించినవి: 0.

బుధవారం, 3.00
సర్వర్ అద్దెకిచ్చిన కంపెనీ అమ్మాయి ఫోన్లో, "మీ సర్వర్‌కి ఆ ప్రోగ్రాం బరువెక్కువ సార్" అంది. చూశారా, తప్పు నాది కాదు. చేత్తో ఒక్కొక్కటీ తగ్గిస్తాను. తగ్గించినవి: 3. ఏనుగు మరీ పందిపిల్లలా కనిపిస్తే వెనక్కి పెట్టేశాను. కాబట్టి 2.

మేస్త్రి ఎదురుపడ్డాడు.
"కష్టమైన పని పెట్టావు బాబూ."
"కష్టమే మేస్త్రీ. ఏం చేస్తాం, తప్పదు."
ఈ ఇంట్లో నన్ను అర్థం చేసుకున్నది ఆయనొక్కడే!

గురువారం
తలనొప్పి. శనివారం ఒక్క పూట గట్టిగా కూర్చుంటే అయిపోతుంది. 2.

శుక్రవారం
ఆలోచిస్తే, నలభై రెండు సెకన్లు ఎంతని? హెడ్మిస్ట్రెస్ అన్నాక ఆ మాత్రం ఓపిక ఉండదా? 2.

శనివారం, సాయంత్రం 4.20
సరిగ్గా కూర్చోబోతుంటే అక్క కేక. వారమంతా దుకాణం వదలని అక్క అప్పుడే వర్క్‌షాప్‌లోకి వెళ్లింది. పరుగెత్తాను.

పన్నెండు గుర్రాలు. రంగులేసి, కళ్లు దిద్ది, వరసగా నిలబెట్టి ఉన్నాయి. నా నడుము దాకా రావాల్సినవి మోకాలి దగ్గరే ఆగిపోయాయి. పిల్లి ఎక్కాలన్నా కాళ్లు ముడుచుకోవాలి.

"బొమ్మలన్నీ సగానికని పలక మీద రాశావుగా బాబూ," అన్నాడు మేస్త్రి. "చిన్నవి చెక్కడం రెండింతల పని. వేళ్లు వాచాయి. అయినా గడువు దాటనివ్వలేదు."

అక్క పలక మీద నా రాత చూసింది. తర్వాత నన్ను చూసింది.
"నువ్వెన్ని తగ్గించావురా?"
"రెండు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. నా ప్రతిజ్ఞ నిలబెట్టినవాడు మేస్త్రి ఒక్కడే.

ఆదివారం, 12.30
సైట్ తెరుచుకోక విసుగెత్తి హెడ్మిస్ట్రెస్ నేరుగా వచ్చేసింది. గుర్రాలను చూసి నవ్వింది. "ముద్దుగానే ఉన్నాయి. కానీ మా పిల్లలు ఎక్కాలి కదండీ! పదిహేను రోజుల్లో పెద్దవి ఇవ్వండి. ఏడాది సంగతి మీ సైట్ చూశాకే. ఈసారైనా అది తెరుచుకోవాలి."

అంటే మేస్త్రి కొలువు ఇంకా నా చేతుల్లోనే ఉంది. భయమేసింది.

చిన్న గుర్రాలను సైట్‌లో అమ్మకానికి పెట్టమంది అక్క. బావ ఫొటోలు తీశాడు. చిన్నవి కదా అని బాగా దగ్గరగా తీశాడు. ఒక్కో ఫొటో పాతవాటికి రెండింతలు! సైట్ తెరుచుకోవడానికి ఇప్పుడు యాభై ఒక్క సెకన్లు.

సోమవారం, ఉదయం 9.10
నేటితో నా బద్ధకానికి సెలవు! పలక తుడిచి కొత్తగా రాశాను: "ఫొటోలన్నీ సగానికి తగ్గించాలి." ఈసారి ఏ తిరకాసూ లేదు.

9.25
మేస్త్రి వచ్చి పలక చదివాడు. వాచిన వేళ్లతో సుద్దముక్క తీసుకుని, కింద ఒక్క మాట చేర్చాడు.
"నువ్వే."