పదకొండో బెడ్‌కు మాత్రం

మార్చి 4
అత్తయ్యకు జ్వరం, ఆయాసం. మా వార్డులోనే పదకొండో బెడ్‌లో చేర్చాం. న్యుమోనియా అనుకుని యాంటీబయాటిక్ మొదలుపెట్టాను. ఇంట్లో డాక్టర్‌ని పెట్టుకుని పరాయివాళ్లెందుకు అన్నారు మా ఆయన. కాదనలేకపోయాను.

మార్చి 7
రివ్యూ రోజు. ఈ పద్ధతి ఆస్పత్రిలో పెట్టించింది నేనే. మూడో రోజు డాక్టర్ రిపోర్టులన్నీ చూసి, యాంటీబయాటిక్ ఆపాలో, మార్చాలో, కొనసాగించాలో తేల్చాలి. ఇంకో రెండు రోజులుంచితే పోయేదేముంది మేడమ్ అన్న జూనియర్ని అందరి ముందూ కడిగేశాను. మందు రాయాల్సింది రోగానికి, నీ భయానికి కాదన్నాను.

తర్వాత పదకొండో బెడ్. జ్వరం లేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. వచ్చింది వైరస్ అని రిపోర్టు. ఆపెయ్యాలి.

నా ప్రాణం నీ చేతుల్లో పెట్టానే తల్లీ, అని అత్తయ్య చెయ్యి పట్టుకుంది.

కంప్యూటర్‌లో కొనసాగించు అని నొక్కాను.

మార్చి 8
రెండు రోజులే కదా. పోయేదేముంది.

మార్చి 11
విరేచనాలు. అత్తయ్య లేచి కూర్చోలేకపోతోంది. యాంటీబయాటిక్ వాడితే పేగుల్లో చెలరేగే క్రిమే అని ల్యాబ్ చెప్పింది. శాంపిల్ పంపకముందే నాకు తెలుసు. ఆ మందు ఆపాను, ఇప్పుడు. ఈ క్రిమిని చంపడానికి మళ్లీ ఇంకో యాంటీబయాటిక్.

అత్తయ్య మాత్రం ఇదంతా క్యాంటీన్ సూప్ వల్లేనని తిట్టిపోస్తోంది. అది సూపా, గిన్నెలు కడిగిన నీళ్లా అని. ఆయన వెళ్లి వంటావిడ మీద విరుచుకుపడి వచ్చారు. నేను సెలైన్ చుక్కలు చూస్తూ ఊరుకున్నాను.

మార్చి 13
వంటావిడకు మెమో ఇచ్చారట. మెట్ల దగ్గర ఎదురై, అమ్మగారికి ఎలా ఉంది మేడమ్, నీళ్లు కాచి చల్లార్చే పోస్తున్నానండీ అంది. తల ఊపి వచ్చేశాను.

మార్చి 16
రివ్యూ మీటింగ్‌లో పదకొండో బెడ్ తెర మీద వేశాను. ఆపాల్సిన కారణాలన్నీ చూపించి, కొనసాగించింది నేనేనని చెప్పాను. కారణం దగ్గర ఏం రాశారు మేడమ్ అని ఆ జూనియరే అడిగింది. ఏమీ రాయలేదన్నాను.

ఇకనుంచి కారణం రాయనిదే కొనసాగించడం కుదరదు. సొంతవాళ్లను ఇంకొకరు చూడాలి. రెండూ ఆ అమ్మాయి చెప్పినవే.

మెమో వెనక్కి తీసుకున్నారు. క్యాంటీన్‌కు వెళ్లి, తప్పు నాదని నేనే చెప్పాను. వంటావిడ గరిటె పక్కన పెట్టి నన్ను చాలాసేపు చూసింది. పర్వాలేదు అని మాత్రం అనలేదు.

మార్చి 17
అత్తయ్యకు జరిగిందంతా చెప్పాను. ఇప్పుడు నన్ను చూస్తున్న డాక్టరుకు నేనెవరో తెలుసా అని అడిగింది. ఈ రోజే కొత్తగా చేరారు, తెలియదన్నాను.

హమ్మయ్య అంది, చెయ్యి దుప్పట్లోకి తీసుకుంటూ.