తుడిచేసిన నీలం గీతలు

అక్టోబర్ 4, సోమవారం
గది పూర్తయింది. కింద ముడతల రేకు, పైన సిమెంటు బోర్డు, రెంటినీ కలిపి పట్టేవి స్క్రూలే. బాంగీలోని మా ల్యాబ్‌లో ఇలాంటి నేల మీదే ఇసుక బస్తాలు పేర్చి పేర్చి నా నడుం పడిపోయింది, నేల మాత్రం వంగలేదు. వరదకి బడి మునిగిపోయే ఈ ఊరికి గుంజల మీద ఒక తరగతి గది. శుక్రవారం కెందూరి, ఊరందరి విందు. ఎనభై మంది ఆ నేల మీదే కూర్చుని భోంచేస్తారు.

అక్టోబర్ 6, సాయంత్రం 5
గది మధ్యలో నడుస్తుంటే నేల ఊగింది. ఊరి పెద్ద టోక్ జంహారి నవ్వి, కొత్త చెప్పు కూడా మొదట్లో కరుస్తుందమ్మా, అదే అలవాటవుతుందిలే అన్నాడు. నేలకి అలవాటేమిటి?

అక్టోబర్ 7, ఉదయం 9
గది కిందికి పాకాను. రేకు గట్టు మీద పడిన స్క్రూ మొన కిందికి పొడుచుకొస్తుంది. పల్లం మీద పడితే రేకుని అందుకోక గాల్లో వేలాడుతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే. వరసకి ఇరవై మొనలుండాలి. మధ్య వరసల్లో ఏడు, ఐదు, ఒకచోట సున్నా.

మధ్యాహ్నం 2
గట్లు తెలిసేలా బోర్డు మీద నీలం సుద్దతో గీతలు కొట్టింది నేనే. నేను లేని పూట శ్రమదానానికి వచ్చినవాళ్ళు వానకి అక్కడే నమాజు చేశారట. వంటావిడ మాక్ సెబియా గర్వంగా చెప్పింది, మురికి నేలకి నుదురు ఆనిస్తామా, నేనే తడిగుడ్డతో అద్దంలా తుడిచానని. తర్వాత మగవాళ్ళు కంటి అంచనాతో స్క్రూలు బిగించేశారు. ఆమెని ఏమనను? నేనైనా తుడిచేదాన్నే. చెరగని గీత గీయాలని తట్టని నా బుర్రని అనాలి.

రేపు చెబితే నా పరువూ టోక్ పరువూ మట్టిలో కలుస్తాయి. చెప్పకపోతే ఎనభై మంది.

అక్టోబర్ 8, ఉదయం 7
ఇంకా చెప్పలేదు. భయంగా ఉంది.

మధ్యాహ్నం 3
జుమా నమాజు నుంచి అందరూ నేరుగా వచ్చేశారు. మెట్లకి అడ్డంగా నిలబడి, తప్పు నాది, ఎక్కొద్దు అన్నాను. మీ ల్యాబ్‌లో అన్ని బస్తాలు మోసిందన్నావు, మేం ఇసుక కంటే బరువా అని ఎవరో ఎత్తిపొడిచారు. టోక్ జుమాకి వేసుకున్న పట్టుబట్టలతోనే గది కిందికి పాకాడు. బురదతో బయటికొచ్చి, ఒక వరసలో ఒక్క మొనా లేదురా, గులాయ్ కూర గిన్నెలు రబ్బరు చెట్ల కిందికి మార్చండి అన్నాడు.

అక్టోబర్ 9
మళ్ళీ గీతలు కొట్టాం. వాన. నమాజుకి లోపల పదిమందిమే, మధ్య వరసలు వదిలి గోడల వెంబడి. మాక్ సెబియా తడిగుడ్డ తేలేదు.

లేచేసరికి అందరి నుదుటి మీదా నీలం.