గొడుగు షాటు

అక్కా, నేను కులాసా. శుక్రవారం నా సినిమా విడుదల. వీధి వీధంతా వెంటేసుకుని హాలుకి వెళ్ళకు. నిన్ను గొడుగుతో నడిపించిన షాటు, పైపుల వానలో మూడుసార్లు తడిసి జ్వరం తెచ్చుకున్నావే, అది సినిమాలో లేదు. ఎడిటరు కత్తిరించబోతూ, "ఈవిడ మీవాళ్ళా? అయితే ఉంచేద్దాం" అన్నాడు. మొదటి సినిమాలోనే ఇంటివాళ్ళని ఇరికించానంటారని భయపడి, "ఎవరో లెండి" అన్నాను. నా నోరు పడిపోను!

బావగారి దగ్గు తగ్గిందా? నా నీలం స్వెట్టరు పంపు. పిల్లలకి ముద్దులు.

ఆ ఫిల్ము ముక్క అడిగి తెచ్చుకున్నాను. కెమెరా వైపు చూడకని మూడుసార్లూ నిన్ను అందరిముందూ కసిరాను కదా. ఇవాళ కిటికీ వెలుతురులో పెట్టి చూశాను. నువ్వు చూసింది కెమెరాని కాదక్కా, దాని పక్కన నిలబడ్డ నన్ను.

నీ తమ్ముడు