దియ ఎంచుకున్న మాట

సెప్టెంబర్ 8, ఆదివారం
పార్సిప్పనీలో పొద్దుటి నుంచీ ముసురు. దియకి స్కూల్లో ఫ్రెంచ్ ప్రాజెక్ట్ ఇచ్చారు. ఒక మాట ఎక్కడ పుట్టిందో క్లాసులో చెప్పాలట. ‘పేర్’ తీసుకుంది. అంటే నాన్న. లాటిన్ పాతెర్ నుంచి వచ్చింది, మన పితృ శబ్దానికి చుట్టం అని చెప్పబోయాను. తనకి ముందే తెలుసు. పదమూడేళ్ళ పిల్ల దగ్గర నా పాండిత్యం చెల్లలేదు.

మొదటి స్లైడ్‌లో కృష్ణమోహన్ ఫోటో పెట్టింది. వాళ్ళ నాన్న, నా స్నేహితుడు. వాడు పోయి ఐదేళ్ళు. నేను దియ వాళ్ళమ్మ భానుని పెళ్ళి చేసుకుని రెండేళ్ళు. దియకి నేను అప్పుడూ అంకుల్‌నే, ఇప్పుడూ అంకుల్‌నే. ఫర్వాలేదని అందరితో అంటాను. అబద్ధం.

సెప్టెంబర్ 11
క్లాసుకి పేరెంట్స్‌ని పిలిచారట. భానుకి చెప్పింది. నాకు చెప్పలేదు.

సెప్టెంబర్ 14, శనివారం
గుడిలో అర్చన. నా గోత్రంతో నా పేరు, భాను పేరు చెప్పాను. కృష్ణమోహన్ గోత్రంతో దియ పేరు విడిగా చెప్పాను. కొత్త పూజారి గారు పాప ఎవరని అడిగారు. ఫ్రెండ్ వాళ్ళ అమ్మాయి అన్నాను. ఎవరడిగినా ఇదే జవాబు. పోయినవాడి చోటు లాక్కున్నట్టు ఉండకూడదని.

తిరిగి చూస్తే దియ చెప్పుల స్టాండ్ దగ్గర ఉంది. ప్రతిసారీ అక్కడికే పోతుంది. బోర్ కొట్టి అనుకునేవాణ్ణి.

సాయంత్రం 6
భాను నన్ను కడిగేసింది. అంకుల్ నన్ను ఫ్రెండ్ డాటర్ అనే చెప్తారు, ఆయన్ని క్లాసుకి ఎలా రమ్మంటాను అని దియ తనతో అందట. నేను మర్యాద అనుకున్నది ఆ పిల్లకి గెంటేసినట్టుంది. సిగ్గేసింది.

సెప్టెంబర్ 16
స్కూల్‌కి డ్రైవ్ చేస్తూ, క్లాసుకి నేనూ రావచ్చా అని అడిగాను. కిటికీలోంచి చూస్తూ, మీ ఇష్టం అంది.

సెప్టెంబర్ 19, గురువారం
వెనక వరసలో కూర్చున్నాను. వాళ్ళ నాన్న గురించి దియ ఎక్కడా ఆగకుండా చెప్పింది. చివర్లో నేను చూడని స్లైడ్ ఒకటి. ‘బో-పేర్’. అంటే సవతి తండ్రి. పూర్వం ఫ్రెంచ్‌లో అందుకు వేరే మాట ఉండేదట. పోను పోను అది తిట్టులా తయారైందట. అందుకని పెద్దవాళ్ళని గౌరవంగా పిలిచే పాత మాట ఒకటి తెచ్చి ‘పేర్’ ముందు పెట్టారట. మా ఇంట్లో ‘గారు’ అంటాం, అలాంటిదే అని క్లాసుకి వివరించింది.

ఆ స్లైడ్‌లో ఫోటో లేదు. నా ఫోటో పెట్టొచ్చో లేదో తెలియలేదని తర్వాత చెప్పింది. కార్‌లో కూర్చుని ఏడ్చాను.

సెప్టెంబర్ 20
పొద్దున్నే, అంకుల్, నా లంచ్ బాక్స్ ఏదీ అంది. ఫర్వాలేదు. ఈసారి అబద్ధం కాదు.

సెప్టెంబర్ 21
గుడి. అదే పూజారి గారు. రెండు గోత్రాలూ నేనే చెప్పాను. మా అమ్మాయి అన్నాను.

దియ చెప్పుల దగ్గరికి పోలేదు.