చార్జింగ్ కాని బ్యాటరీ, తిరిగిరాని పుస్తకాలు

బాన్సువాడ,
ఆగస్టు 3.

నిజామాబాద్‌లో కంప్యూటర్ల షాపు నడుపుతున్న దేవిదాస్ గారికి,

ఇక్కడ మేము క్షేమం. మీ బ్యాటరీ మాత్రం క్షేమంగా లేదు.

నా పేరు బాలమల్లు. బాన్సువాడలో ముప్పై ఒక్క ఏళ్లు గ్రంథపాలకుడిగా పనిచేసి రిటైరయ్యాను. మీరు బస్సు పార్సిల్‌లో పంపిన కొత్త బ్యాటరీని మొన్న నా పాత లాప్‌టాప్‌కు పెట్టాను. 'ప్లగ్ పెట్టి ఉంది, చార్జింగ్ కావడం లేదు' అని తెర మీద వస్తోంది. ప్లగ్ పెట్టింది నేనే. ఆ సంగతి నాకు చెప్పడానికి యంత్రం అక్కర్లేదు.

నేను 'తిరిగిరాని పుస్తకాలు' అనే గ్రంథం రాస్తున్నాను. మా గ్రంథాలయం నుంచి పుస్తకం పట్టుకుపోయి తిరిగి ఇవ్వని పెద్దమనుషుల మీద, మనిషికో అధ్యాయం, పేరూ ఊరుతో సహా. ఆఖరి అధ్యాయం రిటైర్డ్ హెడ్మాస్టర్ వినోద్‌కుమార్‌ది. సెప్టెంబరు 5న ఇక్కడ ఆయనకు సన్మానం. ఆ రోజు సన్మానం జరిగే హాలు గుమ్మం ముందు కుర్చీ వేసుకుని నా పుస్తకం అమ్మాలి. ప్రెస్సు వారు ఈ నెల 28లోగా ఇమ్మన్నారు.

ఆయన అధ్యాయం ఇప్పటికి మూడుసార్లు రాశాను. చినుకు పడితే ఇక్కడ కరెంటు పోతుంది. బ్యాటరీ లేని లాప్‌టాప్ ఆరిపోతుంది. అధ్యాయం మాయం. ఎప్పటికప్పుడు సేవ్ చేసుకోమని మీరు జవాబు రాస్తారు, తెలుసు. కోపంలో ఉన్న మనిషికి సేవ్ చేయడం గుర్తుండదు.

ఇట్లు,
బాలమల్లు

తా.క. ఫోన్ చేయకండి. ఫోన్లో అన్న మాటను మర్నాడు 'నేనలా అనలేదు' అంటారు.

నిజామాబాద్,
ఆగస్టు 6.

బాలమల్లు సార్‌కు దేవిదాస్ చేతులెత్తి మొక్కి రాసేది,

షాపు పెట్టి ఎనిమిదేండ్లయింది సార్. నాకు ఉత్తరం రాసిన మొదటి గిరాకీ మీరే. సంబురమైతే పోస్ట్‌మన్‌కు చాయ్ తాగించిన.

మీరు ఫికర్ చెయ్యకున్రి. ముందుగాల చార్జర్ తియ్యిన్రి. బ్యాటరీ గూడ తియ్యిన్రి. పవర్ బటన్ ముప్పై సెకన్లు ఒత్తి పట్టుకోన్రి. ఇగ బ్యాటరీ మళ్ల పెట్టేటప్పుడు 'టక్' అని చప్పుడు రావాలె. రాకుంటే అది సరిగ కూసోలేదన్నట్టు. గప్పుడు చార్జర్ పెట్టి చూడున్రి.

మీ
దేవిదాస్

తా.క. తప్పుగ అనుకోకున్రి సార్, అందరినీ అడుగుత: గోడ మీది స్విచ్ వేసిండ్రా?

బాన్సువాడ,
ఆగస్టు 9.

దేవిదాస్ గారికి,

స్విచ్ వేశాను. మీరు పుట్టకముందు నుంచీ స్విచ్చులు వేస్తున్నాను.

ముప్పై సెకన్లు ఒత్తమన్నారు. మీ మీద నమ్మకం లేక అరవై ఒత్తాను. 'టక్' అని చప్పుడు కూడా వచ్చింది. చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. నిన్న మళ్లీ వాన, మళ్లీ చీకటి. వినోద్‌కుమార్ నాలుగోసారి తప్పించుకున్నాడు. ఈ ఊరి కరెంటు కూడా ఆయన దగ్గరే చదువుకున్నట్టుంది.

బ్యాటరీ వాపసు పంపుతున్నాను. పరీక్షించి మంచిది పంపండి. అది మీ దయ కాదు, నా హక్కు.

ఇట్లు,
బాలమల్లు

తా.క. బటన్ ఒత్తి పట్టుకుని సెకన్లు లెక్కపెడుతుంటే పక్కింటి బ్యాంకు ఉద్యోగి సంతోష్ కిటికీలోంచి చూసి, "ఏంది పెద్దాయనా, నాడి చూస్తుండ్రా? ఉన్నదా, పోయిందా?" అన్నాడు. అతని దగ్గర కూడా గ్రంథాలయం పుస్తకం ఒకటుంది.

నిజామాబాద్,
ఆగస్టు 13.

సార్‌కు దేవిదాస్ నమస్తే పెట్టి రాసేది,

మీ బ్యాటరీ ముట్టింది. భూతద్దం పెట్టి చూసిన. లాప్‌టాప్‌కు తగిలే బంగారు రంగు పట్టీలుంటయి గదా, ఆ సందులల్ల పసుపు, కుంకుమ ఉన్నయి సార్. అదీ నూనెల కలిపి. గందుకే కరెంటు లోపలికి పోతలేదు. సన్నటి బ్రష్‌తోని అంత తుడిచిన. నా కండ్ల ముందట నూటికి నూరు చార్జ్ అయింది. వాపసు పంపుతున్న.

ఇంట్ల ఎవరన్న పూజ చేసిండ్రా సార్?

మీ
దేవిదాస్

తా.క. మీ పేరు చెప్పంగనే మా నాయిన తారాచంద్ మంచం మీదికెల్లి లేచి కూసుండు. ఒకప్పుడు బీర్కూర్ల ఉండేటోడు, మీ దగ్గర పుస్తకాలు తీసుకునేటోడట. "సార్ మంచిగున్నడా?" అన్నడు. మీరు రాస్తున్న పుస్తకం సంగతి చెప్పిన. మళ్ల పండుకుండు.

బాన్సువాడ,
ఆగస్టు 17.

తారాచంద్ కుమారుడు దేవిదాస్ గారికి,

మీరు తుడిచి పంపిన బ్యాటరీ కూడా చార్జింగ్ కాలేదు. ఇప్పుడు నాకంతా అర్థమైంది.

మొదటిది. మా ఇంట్లో దేవుడి పటం లేదు. నా గ్రంథానికి ముందుమాట మూఢనమ్మకాల మీదే రాశాను, పదకొండు పేజీలు. నా భార్య లలితమ్మ నలభై రెండేళ్లుగా నా దారిలోనే నడుస్తోంది. కనుక పసుపు కుంకుమలు మా ఇంటివి కావు. మీ బ్యాటరీ ఇంతకుముందు ఎవరో భక్తుల ఇంట్లో కాపురం చేసి వచ్చింది. అంటే కొత్తదని చెప్పి పాతది అంటగట్టారు.

రెండోది. బీర్కూర్ తారాచంద్ నా గ్రంథంలో ఏడో అధ్యాయం. 1996లో 'ఒక్క వారం సార్, నిజాంసాగర్ కాలువ పక్కన చెరువు తవ్వి చేపలు పెంచుతా' అని చేపల పెంపకం పుస్తకం పట్టుకుపోయాడు. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. తండ్రి పేరు అచ్చులోకి ఎక్కకుండా కొడుకు నా బ్యాటరీ గొంతు పిసుకుతున్నాడు. కుట్ర బాగుంది. కానీ నేను ఇంతకంటే మంచి కుట్రలు చదివినవాణ్ని.

బ్యాటరీ మళ్లీ పంపుతున్నాను. వారంలోగా కొత్తది రాకపోతే వినియోగదారుల కమిషన్‌లో కలుద్దాం.

ఇట్లు,
బాలమల్లు

తా.క. మీకు ఎనిమిదో అధ్యాయం కేటాయించాను. మీరు పుస్తకం తీసుకోలేదన్నది నిజమే. అయినా చోటుంది.

నిజామాబాద్,
ఆగస్టు 20.

సార్‌కు దేవిదాస్ బాధతోని రాసేది,

మీ ఉత్తరం నాయినకు చదివి వినిపించిన. మంచం దిగిండు. సందుక తెరిచి అడుగుకెల్లి పుస్తకం తీసిండు. "గిది ఇయ్యలేక, సార్‌కు మొఖం చూపియ్యలేక, ఇన్నేండ్లు బాన్సువాడ బస్సు ఎక్కలేదురా" అన్నడు. చేపలు పెంచినవా అని అడిగిన. ఒక్కటి గూడ పెంచలేదట. పుస్తకం ఈ పార్సిల్‌లనే పంపుతున్న.

ఇగ బ్యాటరీ. ఈసారి గూడ పట్టీల మీద అదే పసుపు, అదే కుంకుమ. నేను తుడిచి పంపిన తర్వాత మళ్ల ఎట్లొచ్చింది సార్? మా షాపుల గూడ శుక్రారం పూజ అయితది, మా అమ్మ డబ్బాలకు బొట్టు పెడ్తది. కని డబ్బా మీద, లోపల గాదు. అయినా మీకు అనుమానం ఉండొద్దని వేరే కొత్త బ్యాటరీ పంపుతున్న. డబ్బా చుట్టు టేపు చుట్టి, దాని మీద సంతకం చేసిన. మీ చేతులతోని మీరే కొయ్యిన్రి.

మీ
దేవిదాస్

తా.క. ఒక్క మాట అడుగుత సార్. ఇంటికి పార్సిల్ వస్తే ఎవరు తీసుకుంటరు?

బాన్సువాడ,
ఆగస్టు 26.

చిరంజీవి దేవిదాస్‌కు బాలమల్లు ఆశీస్సులు.

పార్సిల్ లలితమ్మ తీసుకుంటుంది. మధ్యాహ్నం నేను నిద్రలో ఉండగా వస్తుంది. లేచేసరికి నా టేబుల్ మీద ఉంటుంది.

ఈసారి కళ్లు మూసుకుని పడుకున్నాను కానీ నిద్రపోలేదు. లేచి వంటింట్లోకి వెళితే, నీ సంతకం మీదుగా కత్తెర పెట్టి టేపు కోసేసి, బ్యాటరీని పీట మీద పెట్టుకుని కూర్చుంది. పక్కన కుంకుమ భరిణె.

"ఏం చేస్తుండవు?" అన్నాను.

"కనవడ్తలేదా? బొట్టు పెట్టబోతున్న. ఇంట్లకు కొత్త సామాను వస్తే బొట్టు పెట్టకుంట ఎట్ల వాడుతరు?"

"ఎప్పటినుంచి ఈ పని?"

"పెండ్లయినకాడికెల్లి. మీ సైకిల్‌కు పెట్టిన. కండ్లద్దాల డబ్బాకు పెట్టిన. మీ లైబ్రరీ తాళాలకు ఏటేటా దసరాకు పెట్టిన. మీరెన్నడన్న పుస్తకంలకెల్లి తల ఎత్తితే గదా!"

"సరే, ఆ పట్టీల మీదే ఎందుకు పెట్టావు?"

"మెరిసే దిక్కే గదా మొఖం! రాలిపోవద్దని నూనెల గూడ కలిపిన."

మూఢనమ్మకాల మీద గంటసేపు చెప్పాను. ఆమె చిక్కుడుకాయలు ఒలుస్తూ మొత్తం విన్నది. తర్వాత నీ బ్యాటరీని, ఏ బొట్టూ లేనిదాన్ని, నేనే స్వయంగా లాప్‌టాప్‌కు పెట్టాను.

చార్జింగ్ కాలేదు.

లలితమ్మ కాయలు ఒలవడం ఆపి నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. బయట మబ్బు పట్టింది. ప్రెస్సుకు ఇంకా ఐదు రోజులు. నేనే అన్నాను: "వెనక దిక్కు పెట్టు. ఆ పట్టీలకు తగలనీయకు."

ఆమె బ్యాటరీ తీసింది. వీపు మీద ఒకే ఒక్క బొట్టు పెట్టింది. ఊరగాయ డబ్బా మూత నొక్కినట్టు బొటనవేలితో నొక్కింది. టక్‌మంది. లైటు వెలిగింది.

నేను పెట్టినప్పుడు ఆ చప్పుడు రాలేదు. కోపంలో సగమే తోశాను. కారణం అదీ, శాస్త్రీయంగా. ఈ మాట ఆమెకు నాలుగుసార్లు వివరించాను. "గట్లనే అనుకోన్రి" అంది.

వినోద్‌కుమార్ అధ్యాయం పూర్తయింది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, ఒక్క అక్షరం పోలేదు. ప్రెస్సుకు ఇచ్చేశాను. చేపల పుస్తకం చేరింది. ఒక్క పేజీ కూడా నలగలేదు, అంటే మీ నాయన చదవనే లేదు. అది మరో విచారం. అయినా ఏడో అధ్యాయం తీసేశాను. ఎనిమిదోది రద్దు. ముందుమాట కూడా తీసేశాను, పేజీలు ఎక్కువయ్యాయని ప్రెస్సు వారికి చెప్పాను. మీ నాయనను ఐదో తారీఖున బస్సెక్కి రమ్మను. హాలు గుమ్మం దగ్గర నా పక్కన ఇంకో కుర్చీ ఉంటుంది.

క్షమాపణ అనే మాట ఈ ఉత్తరంలో ఇంకెక్కడా లేదు. వెతకకు.

ఇట్లు,
బాలమల్లు

తా.క. ఈ ఉత్తరానికి నాలుగు మూలలా పసుపు ఉంది. అది నేను పెట్టింది కాదు. తుడవకుండా పోస్టు చేసింది మాత్రం నేనే.