పడవ బిరడా

స్టిల్‌హౌస్ రేవు, టెన్నెసీ
మార్చి 6, మంగళవారం

నా పెద్దకొడుకు హాస్కెల్‌కు మీ అమ్మ దీవించి రాయించేది. ఇక్కడ ఊపిరితో ఉన్నవాళ్లం క్షేమంగానే ఉన్నాం. బొగ్గు పడవల మీద నువ్వూ క్షేమమని నీ ఉత్తరం చదివించుకుని తెలుసుకున్నాను.

ముందే చెబుతున్నాను, ఈ అక్షరాలు నీ తమ్ముడితో పడవెక్కిన డోయల్‌వి. పళ్లు నూరకుండా చివరిదాకా చదువు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. "నా ఉరితాడు నా చేతే పేనిస్తున్నావా పెద్దమ్మా?" అన్నాడు. "నోరు మూసుకుని రాయి, ముక్కు తర్వాత తుడుచుకోవచ్చు" అన్నాను. అదీ రాశాడు.

నువ్వడిగినవాటికి జవాబులు. నా మోకాలు అలాగే ఉంది. కుక్క తింటోంది, కానీ పోయి రేవులోనే పడుకుంటోంది. నీ తమ్ముడు వెర్లిన్ ఇంకా దొరకలేదు. పద్దెనిమిది రోజులైంది. షెరీఫు మనుషులు కొక్కేలు వేసి వెతకడం మానేశారు. చల్లనీళ్లు మనిషిని అట్టేపెట్టుకుంటాయట, వేడెక్కితే వాటంతటవే వదులుతాయట. వాళ్లలో ఒకడు టోపీ తీసి మరీ చెప్పాడు. నిన్నటినుంచి దక్షిణపు గాలి వీస్తోంది. కొండవాలు చెట్లకు ఎర్రమొగ్గలు వచ్చాయి. పొద్దున లేచి నేను నీళ్లవైపు చూడను. ముందు కుక్కవైపు చూస్తాను, వాడు పైకి తేలితే మొదట దానికే తెలుస్తుంది.

ఇక మిగిలిన మాట. పడవకు బిరడా పెట్టడం మరిచి వెర్లిన్‌ను ముంచాడు కనుక డోయల్‌ను బతకనివ్వనని రాశావు. శనివారం తుపాకితో వస్తానన్నావు. నువ్వు అన్నంత పనీ చేస్తావని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం.

జరిగింది విను. ఫిబ్రవరిలో మూడు రోజులు వరసగా ఎండ కాసింది. వెర్లిన్ కాలు ఇంట్లో నిలవలేదు. ఆనకట్ట నీళ్ల కింద మునిగిన పాత ఏటి మలుపులో, లోతు అంచున, గుడ్లతో బరువెక్కిన ఆడ బాస్ చేపలు ఉంటాయనీ, ఏడాదిలో అంత పెద్దవి మళ్లీ దొరకవనీ ఒకటే పాట. గాలి ఉత్తరానికి తిరుగుతోంది, రేపు వెళ్లొద్దన్నాను.

"ఈ చలికి చేప నోరు తెరవడానిక్కూడా బద్ధకిస్తుంది రా."

"అందుకే అమ్మా, వెంట్రుకలు కట్టిన గాలం దాని ముక్కు ముందు పెట్టి కూచోవాలి. కదిపామా, పోయింది. నువ్వు చర్చిలో కూచున్నట్టు కూచోవాలన్నమాట."

"చర్చిలో నేను నిద్రపోను."

"విన్నావా డోయల్? మరి ఆ గురక పాదిరిగారిదై ఉంటుంది."

ఇద్దరూ పడీపడీ నవ్వారు.

చలికాలంలో లోపలి నీళ్లు గడ్డకట్టి పడవ పగలకుండా అడుగు కన్నానికుండే బిరడా తీసి ఉంచుతారు కదా. వేటకు ముందు దాన్ని బిగించే పని డోయల్‌ది. ఆ సాయంత్రం వీడు వంగి బిగించడం వంటింటి కిటికీలోంచి నేను చూశాను. ముందురోజే బిగించానని షెరీఫు ముందు ఒట్టు వేస్తే ఎవరూ నమ్మలేదు. నువ్వూ నమ్మలేదు. ఇప్పుడు వీడికే తాను బిగించానన్న నమ్మకం పోయింది.

వాళ్లు భోజనానికి లోపలికి రాగానే నేను వెళ్లి దాన్ని విప్పేశాను.

ఇక్కడ డోయల్ కలం ఆగింది. రాయమన్నాను.

నేననుకున్నది ఇది. మీ నాన్న చెక్క పడవకు బిరడా లేకపోతే ఒడ్డునే నీళ్లొచ్చేవి. వీళ్లూ ఒడ్డునే బూట్లు తడుపుకుని తిట్టుకుంటూ తిరిగొస్తారనుకున్నాను. ఈ ఫైబరు పడవకు అడుగున ఇంకో నేల ఉంటుందని నాకేం తెలుసు? వేగంగా పోతున్నంతసేపూ నీళ్లు ఎక్కవట. ఆగితేనే కింద చప్పుడు లేకుండా నిండుతాయట. వేసవి వేటైతే చోటు మార్చుకుంటూ తిరిగేవాళ్లే. చలి వేట కనుక గాలం కదపకుండా, తామూ కదలకుండా ఆ మలుపులో గంటసేపు కూర్చున్నారు. తెలిసేసరికి పడవ వెనకభాగం నీళ్లలో ఉంది. డోయల్ ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. వెర్లిన్ రాలేదు.

బిరడా ఇన్నాళ్లూ నా పిండి డబ్బాలో ఉంది. ఊరంతా డోయల్‌ను అంటుంటే విన్నాను, నోరు విప్పలేదు. కన్నబిడ్డను ముంచానన్న మాట నేను మోయడం కంటే వీడిచేత మోయించడమే తేలికనిపించింది. నీ ఉత్తరం రాకపోతే ఇంకా మోయించేదాన్నే.

ఇదంతా వీడు కల్పించాడనుకుంటావేమో. బిరడాను ఈ కవరులోనే పెట్టిస్తున్నాను, అంటిన పిండి కూడా తుడవలేదు. రేపు బుధవారం ప్రార్థనలో లేచి అందరి ముందూ చెబుతాను. అటునుంచి అటే షెరీఫు దగ్గరికి పోతాను.

శనివారం రా. తుపాకి తెస్తే తిన్నగా మన వాకిట్లోకే తీసుకురా, మెట్ల మీద కూర్చునుంటాను. డోయల్ గడప తొక్కావంటే నేను నీకు తల్లిని కాను. తుపాకి లేకుండా వస్తే పార తెచ్చుకో. నీళ్లు వేడెక్కుతున్నాయి. నీ తమ్ముడికి చోటు తవ్వి ఉంచాలి, నేల ఇంకా గట్టిగానే ఉంది.

డోయల్ ఇందాకటినుంచి ఒకటే అడుగుతున్నాడు. "అయితే నేను బిగించాను కదా పెద్దమ్మా? నిజంగా బిగించాను కదా?"

"బిగించావు రా" అన్నాను.

మళ్లీ అడుగుతున్నాడు.

ఇట్లు,
నిన్నూ వెర్లిన్‌నూ కన్న మీ అమ్మ
ఆర్డెల్లా వేలిముద్ర